వాచ్‌మన్‌కే యాస ఎందుకు?

సందేహం: హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ ఏడాదికి ఒకటి రెండు నాటికలు వేసుకునే చిన్న బృందం మాది. ఈసారి కథ ఒక అపార్ట్‌మెంట్‌లో జరుగుతుంది. ఫ్లాట్ ఓనరు, ఆయన భార్య, కొడుకు 'వెళ్ళాను, వచ్చాను' అని మాట్లాడతారు. వాచ్‌మన్, పనిమనిషి 'ఎల్లినా, గందుకే' అంటారు. పేదా గొప్పా తేడా ప్రేక్షకుడికి వెంటనే తెలియాలంటే ఇదే దారి అని మా రచయిత అంటున్నారు. వాచ్‌మన్ వేషం వేసే కుర్రాడిది నల్గొండ జిల్లా. 'మా అమ్మానాన్న మాట్లాడే మాటని పేదరికానికి గుర్తుగా పెడితే నేను చెయ్యను' అంటున్నాడు. పాత్రోచిత భాష అంటే అసలేమిటి? 'ఎల్లినా' అనేది తప్పు తెలుగా? పనిలో పనిగా, 'వాచ్‌మన్' అని రాయాలా, 'వాచ్‌మెన్' అని రాయాలా?

సమాధానం: ముందు 'ఎల్లినా' సంగతి చూద్దాం. మాట మొదట 'వ' ఉండి, దాన్ని అంటుకుని ఇ, ఎ లాంటి అచ్చు ఉంటే, ఆ వకారం జారిపోవడం తెలుగునాట చాలాచోట్ల ఉంది. వెంకయ్య ఎంకయ్య అవుతాడు. వినడం ఇనడం అవుతుంది, వెన్న ఎన్న అవుతుంది. నోరు తిరగక జారిందని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. నోరు తిరగకపోతే ఒకసారి జారి ఒకసారి నిలబడాలి కదా. ఇది ఒక వరసలో జారుతుంది. వరస ఉన్నదాన్ని వ్యాకరణం అనాలి, తప్పు అనకూడదు.

ఇంకోటి చూడండి. పాత పుస్తకాల్లో ఉండే రూపం 'పోయినాను'. కోస్తావాళ్ళు దాని నడుం కోసి 'పోయాను' చేసుకున్నారు. తెలంగాణవాళ్ళు తోక కోసి 'పోయిన' చేసుకున్నారు. ఒకే గుడ్డ, రెండు కత్తెర్లు. ఒక కోతకి శిష్టవ్యవహారం అని పేరొచ్చింది, రెండో కోతకి యాస అని పేరొచ్చింది. ఈ పేర్లు పెట్టింది వ్యాకరణం కాదు. బడి, పత్రిక, రేడియో, సినిమా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పెట్టారు. కాళోజీ 'రెండున్నర జిల్లాల దండి బాస' అని మండిపడింది దీని మీదే.

కాబట్టి 'ఎల్లినా' తప్పు తెలుగు కాదు. కానీ మీ నాటికలో అది తప్పే, వేరే కారణానికి. మీ వాచ్‌మన్‌ది ఏ ఊరు? పాలమూరు, నల్గొండ వైపు మనిషైతే 'పోయిన' అంటాడు, 'ఎల్లినా' అనడం తక్కువ. శ్రీకాకుళం నుంచి బతకడానికొచ్చినవాడైతే 'గందుకే' అనడు. రెండూ ఒకే నోట్లో పెట్టారంటే మీ రచయిత ఆ మాటలు మనుషుల దగ్గర వినలేదు, సినిమాల్లో విన్నారు. ప్రతి మాటకీ ముందు ఒక 'గ' తగిలిస్తే తెలంగాణ అయిపోతుందనుకోవడం, గుప్పెడు కారం ఎక్కువేస్తే ఆంధ్రా భోజనం అయిపోతుందనుకునే హోటలు లెక్కే.

ఇక అసలు ప్రశ్న, పాత్రోచిత భాష. మీ రచయిత వాదన కొత్తదేమీ కాదు, నాట్యశాస్త్రం రాసిన భరతుడంత పాతది. రాజు, మంత్రి, బ్రాహ్మణుడు సంస్కృతం మాట్లాడాలి, ఆడవాళ్ళూ సేవకులూ ప్రాకృతాలు మాట్లాడాలి అని నాట్యశాస్త్రం వరసలు పెట్టింది. ఆ ప్రాకృతాల్లో కూడా నాయికకి శౌరసేని, మరీ కింది పాత్రలకి మాగధి. పైవాడికి ఒక భాష, కిందివాడికి ఒక భాష. మీ ఓనరుకీ వాచ్‌మన్‌కీ మీరు చేసిన పంపకం ఇదే.

అయితే ఆ నియమంలోనే రాస్తూ కాళిదాసు ఏం చేశాడో చూడండి. శాకుంతలంలో ఆరో అంకానికి ముందు ఒక చిన్న రంగం ఉంది. రాజముద్ర ఉన్న ఉంగరం అమ్ముతూ దొరికిన జాలరిని ఇద్దరు భటులు చేతులు వెనక్కి కట్టి తీసుకొస్తారు. వాళ్ళతో నగరాధికారి ఉంటాడు, అతను రాజుగారి బావమరిది. భటులది మాగధి, జాలరిదీ మాగధే. ఇద్దరికీ ఒకే యాస అన్నమాట. మరి ఎవడు కొట్టేవాడో ఎవడు దెబ్బలు తినేవాడో ఎలా తెలుస్తుంది? భటులు 'అలే కుంభీలఆ' అని మొదలుపెడతారు. అంటే 'ఒరే దొంగా'. జాలరి వాళ్ళని గౌరవవాచకంతో, బహువచనంలో 'అయ్యగార్లు దయచూడాలి' అన్నట్టు వేడుకుంటాడు. అంతే, తేడా తెలిసిపోయింది. చేపలు పట్టి బతుకుతానంటే అధికారి 'ఎంత పవిత్రమైన బతుకో' అని ఎగతాళి చేస్తాడు. జాలరి ఊరుకోడు. పుట్టుకతో వచ్చిన పని వదలకూడదు కదా, యజ్ఞంలో పశువుని చంపే శ్రోత్రియుణ్ణి దయగలవాడనే అంటున్నారు కదా అని జవాబిస్తాడు. నాటకంలో అందరికంటే కింద ఉన్నవాడికి, అందరూ కిందిదనుకునే భాషలో, ఎవరూ కాదనలేని తర్కం ఇచ్చాడు కవి.

తర్వాత రాజుగారు ఆ ఉంగరం వెలకి సరిపడా డబ్బు జాలరికి పంపిస్తారు. జాలరి అందులో సగం భటులకిస్తాడు. ఆ క్షణం నుంచి అధికారికి అతను ప్రియవయస్యుడు, అంటే ప్రాణస్నేహితుడు. పదండి కల్లు దుకాణానికి అని అందరూ కలిసి వెళతారు. జాలరి మాగధి మాగధిగానే ఉంది, మారింది పిలుపు. దొంగ అన్న గుంపే మిత్రమా అంది. మధ్యలో డబ్బు వచ్చింది.

నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే. యాస మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెబుతుంది. ఎదుటివాడి ముందు ఎంత ఎత్తులో నిలబడ్డాడో చెప్పేది పిలుపు, క్రియ చివర ముక్క, ఎవరు అడుగుతారు ఎవరు బదులిస్తారు అన్నది. మీ రచయిత మొదటిదాన్ని పట్టుకుని రెండోది చూపించాననుకుంటున్నారు.

తెలుగులో ఈ రెండోదాన్ని కరతలామలకం చేసుకున్నవాడు గురజాడ. కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో పెరిగి మళ్ళీ అచ్చయింది. ఇంచుమించు అందరూ విజయనగరం చుట్టుపక్కల తెలుగే మాట్లాడతారు. అయినా ఏ ఇద్దరి మాటా ఒకలా ఉండదు. గిరీశం ఎదుటి మనిషిని బట్టి భాష మారుస్తాడు. శిష్యుడితో ఒకటి, బుచ్చమ్మతో ఒకటి, సౌజన్యారావు పంతులు ముందు ఇంకొకటి. వెంకటేశం ఇంట్లో గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషు దంచే ఘట్టం గుర్తుందా? ఒకడు వాచకంలో వాక్యం అప్పజెబితే ఇంకొకడు పద్యం ముక్క వదులుతాడు. జామెట్రీ సూత్రం వస్తుంది, ఎఫ్‌తో అంతమయ్యే నామవాచకాల బహువచన నియమం వస్తుంది. అర్థం సున్నా. ఇంట్లోవాళ్ళకి మాత్రం అబ్బాయి చదువు ఆకాశాన్ని అంటినట్టే ఉంటుంది. అర్థం కాని భాషకి అర్థమయ్యే భాష దండం పెట్టడం, అసమానత అంటే ఇది. మీ నాటికలో ఓనరు కొడుకు వాచ్‌మన్ ముందు ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడతాడా? మాట్లాడితే వాచ్‌మన్ ఎటు చూస్తాడు? అది రాయండి.

అదే నాటకంలో వేశ్య మధురవాణిని కూడా ఒకసారి తలచుకోండి. సంఘంలో ఆమె స్థానం ఏమిటో అందరికీ తెలుసు. నాటకంలో ఆమెకున్నంత పదునైన, నాగరికమైన తెలుగు పెద్దమనుషులెవరికీ లేదు. మృచ్ఛకటికంలో వసంతసేన కూడా గణికే. కావాలనుకున్నప్పుడు సంస్కృతంలో పలుకుతుంది. అదే నాటకంలో రాజుగారి బావమరిది శకారుడు సకారాలన్నీ శకారాలు చేసి పలుకుతూ నవ్వులపాలవుతాడు. అధికారం ఒకచోట, మంచి మాట ఇంకోచోట. ఈ రెండూ ఎదురుబొదురుగా పడితే రంగస్థలం మీద నిప్పు పుడుతుంది. మీ నాటికలో రెండూ ఓనరు దగ్గరే ఉన్నాయి.

సినిమాల గురించి ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. చాలా ఏళ్ళు ప్రతినాయకుడికీ హాస్యగాడికీ తెలంగాణ మాట, కత్తి పట్టినవాడికి సీమ మాట, నౌకరుకి ఉత్తరాంధ్ర మాట పంచిపెట్టారు. హీరోకి మాత్రం ఏ ఊరూ లేదు. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చాక కూడా ఈ పంపకం మారడానికి చాలా కాలం పట్టింది. ఈ మధ్య మారింది. 2017లో వచ్చిన 'ఫిదా'లో నాయికే బాన్సువాడ పిల్ల. 2023లో వచ్చిన 'బలగం'లో ఊరు ఊరంతా ఒకే మాట. ఊరందరిదీ ఒకే మాటైనప్పుడు యాస అనేది ప్రేక్షకుడి చెవికి తగలడం మానేస్తుంది. అప్పుడు ఎవరి మర్యాదకి ఎక్కడ దెబ్బ తగిలిందో చూపించడానికి దర్శకుడు వేరే దారి వెతుక్కోవాలి. ఆయన నల్లిబొక్క, అంటే మాంసం కూరలో మూలుగ ఉన్న ఎముక, తెచ్చాడు. బావకీ బామ్మర్దికీ పళ్ళెంలో పడిన బొక్క దగ్గర మొదలైన మాటలు ఇంటల్లుడి అలకదాకా పోతాయి.

ఇంకా ముందు, 1988లో 'దాసి' ఉంది. దొరగారి గడీలో ఆడబాపగా, అంటే దాసీగా, బతికే పిల్ల కథ. ఆ పాత్రకి అర్చనకి జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆ పిల్ల నోట మాటలు చాలా తక్కువ. పిలిస్తే పోవడం, చెబితే చేయడం. మాట్లాడే హక్కు లేనివాళ్ళకి విచిత్రమైన యాస పెట్టి మాట్లాడించడం కంటే, మాట్లాడనివ్వకపోవడమే ఎక్కువ చెబుతుందని నాకు ఆ సినిమా చూశాకే తెలిసింది. మీ నాటికలో వాచ్‌మన్‌కి ఎన్ని డైలాగులున్నాయో లెక్కపెట్టండి. ఎక్కువున్నాయేమో.

నా సంగతి ఒకటి చెబుతాను. వరంగల్ వైపు పల్లె నుంచి చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో, ఒక కాలేజీలో, పక్క గది పంతులుగారు 'మీ సార్ ఏరీ?' అని అడిగితే 'సార్ ఇంకా రాలే' అన్నాను. 'రాలడానికి ఆయనేమన్నా ఆకా?' అన్నారాయన. క్లాసంతా గొల్లున నవ్వింది. చమత్కారం మంచిదే, నాకూ ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు నుంచి 'రాలేదండీ' నేర్చుకున్నాను. సెలవులకి ఇంటికెళ్ళి అదే మాట్లాడితే మా అమ్మ 'పేపర్ల రాసినట్టు మాట్లాడుతున్నవేందిరా' అంది. అప్పట్నుంచి నాకు రెండు నోళ్ళు. మీ ఓనరుకీ రెండు ఉండి ఉండవచ్చు. ఆయన కరీంనగర్ నుంచో జగిత్యాల నుంచో వచ్చి, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో టీవీ తెలుగు మాట్లాడుతూ, కింద సెల్లార్‌లో వాచ్‌మన్ దగ్గర మాత్రం ఇంటి మాటలోకి జారితే? ఆ జారడం ప్రేమతోనా, మోటారు ఊరికే బాగు చేయించుకోవడానికా? మీకు కావలసినంత నాటకం అక్కడుంది.

ఇప్పుడు పిలుపుల దగ్గరికొద్దాం. తెలుగు ఈ విషయంలో చాలా క్రూరంగా స్పష్టమైన భాష. ఇంగ్లీషులో ఎవరినైనా ఒకటే 'యూ' అని సరిపెట్టవచ్చు. మనకి నువ్వు, మీరు, తమరు. వాడు, అతను, ఆయన, వారు. ఆడవాళ్ళకైతే ఇంకా ఘోరం, కిందికి దించాలనుకుంటే 'అది' అనేస్తాం. 'అది ఇవాళ పనికి రాలేదు' అంటే ఆవు సంగతో ఆయమ్మ సంగతో వాక్యం చెప్పదు. మీ ఓనరు భార్య ఒక్కసారి 'అది వచ్చిందా?' అని అడిగి, పనిమనిషి 'మేడమ్ లేచిండ్రా?' అని అడిగితే, మిగతా ఎన్ని డైలాగులు కొట్టేసినా నష్టం లేదు.

పేర్లు కూడా అంతే. ఊళ్ళల్లో రామయ్యగారు రామయ్యగారే, మల్లయ్య మాత్రం మల్లిగాడు. లక్ష్మమ్మ లచ్చి అవుతుంది. పదేళ్ళ పిల్లగాడు అరవై ఏళ్ళవాణ్ణి 'ఒరే మల్లిగా' అనడం, ఆయన 'చిన్నదొరా' అనడం నేను చెవులారా విన్నాను. వయసుకి మర్యాదిచ్చే భాష మనది అని పొంగిపోతాం కానీ, వయసుకీ కులానికీ పోటీ వస్తే ఏది గెలిచిందో ఆ రెండు పిలుపులు చెబుతాయి. 'నీ బాంచను, కాల్మొక్త' అనేది ఇంకా కింది మెట్టు. నీ దాసుణ్ణి, కాళ్ళు మొక్కుతున్నాను అని ప్రతి వాక్యానికీ ముందో వెనకో చెప్పుకుంటే తప్ప మాట బయటికి రానివ్వని రోజులవి. దొర, పటేల్, శేటు అని మనిషికో పిలుపు ఉన్న ఊరి నుంచి పట్నానికొచ్చినవాడు అందరినీ 'సార్' అనేశాడు. ఇంగ్లీషు మాట అని మనం విసుక్కుంటాం. కులం వాసన లేని పిలుపు అతనికి తెలుగులో దొరకలేదు మరి. ఉద్యమాల్లో తిరిగినవాళ్ళు 'అన్నా' పట్టుకున్నారు. గద్దర్‌ని జనం గద్దరన్న అన్నారు గానీ గద్దర్‌గారు అనలేదు.

ఒక హెచ్చరిక. తెలంగాణ పల్లెల్లో 'నువ్వు' అన్న ప్రతిసారీ అమర్యాద కాదు. తండ్రినీ పెద్దనాన్ననీ 'నువ్వెప్పుడొచ్చినవ్' అంటారు, ప్రేమగానే. గోదావరి జిల్లాల మనిషి మాటమాటకీ 'అండీ, ఆయ్' అన్నంత మాత్రాన లొంగిపోయినట్టూ కాదు. ఇక నిన్నటిదాకా నువ్వు అన్నవాడు ఇవాళ 'తమరు సెలవిస్తే' అంటే అది మర్యాదే కాదు, వెటకారం. మాట విడిగా చూస్తే ఏమీ తెలియదు. ఆ ఇద్దరి మధ్య అలవాటేమిటో, అది ఎప్పుడు తప్పిందో చూడాలి.

మీరు పంపిన రంగంలో ఓనరు 'మోటారు ఎందుకు ఆపలేదు?' అంటే వాచ్‌మన్ 'నేను కిందికి ఎల్లినా సార్, గందుకే ఆపలే' అంటాడు. ఇద్దరూ సమానుల్లాగే మాట్లాడుకుంటున్నారు, ఒకరికి కారణం కావాలి, ఇంకొకరు ఇచ్చారు. నిజంగా ఎలా ఉంటుంది? నేను విద్యానగర్‌లో మా సెల్లార్‌లో రోజూ వినేదాన్ని బట్టి చెబుతున్నాను. ఓనరు కారణం అడగడు. 'మోటరెవరు ఆపుతారయ్యా, నేనొచ్చి ఆపాలా?' అంటాడు. వాక్యంలో 'నువ్వు' కూడా ఉండదు. వాచ్‌మన్ సంజాయిషీ చెప్పడు, 'బంద్ చేస్తున్న సార్' అంటాడు. సంజాయిషీ చెబితే ఎదురు చెప్పినట్టవుతుందని అతనికి తెలుసు.

ఇంకో చిన్న ముక్క మీ చెవిన వేస్తాను, ఇది పుస్తకాల్లో కంటే గేటు దగ్గర బాగా తెలుస్తుంది. కిందివాడు తన మాట తనదిగా చెప్పడు. 'నీళ్ళ బిల్లు కట్టాలంట సార్.' 'లిఫ్ట్‌వాళ్ళు రేపొస్తరంట.' చివర ఆ 'అంట' చూశారా, దాని వెనక దాక్కుంటాడు. తన సొంత జీతం అడగడానికి కూడా 'మా ఇంటామె అడగమన్నది సార్, పిల్లగాని ఫీజు ఉందంట' అంటాడు. పైవాడు సంఘం మాటనో చట్టం మాటనో కూడా తన మాటగా చెబుతాడు. 'నేను ఒప్పుకోను' అంటాడు. కోస్తావాడైనా సీమవాడైనా తెలంగాణవాడైనా, ఏ యాసలోనైనా ఇది ఇలాగే ఉంటుంది. మీ రంగంలో 'అంట'లు ఎవరి నోట్లో ఉన్నాయి, 'నేను'లు ఎవరి నోట్లో ఉన్నాయి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి.

ఆ తర్వాత వాచ్‌మన్‌కి ఒక్క ఫోన్ కాల్ ఇవ్వండి. ఊళ్ళో తమ్ముడితోనో కొడుకుతోనో. 'ఎన్నిసార్లు చెప్పాలెరా, నేనొచ్చినంక చూస్త, అప్పటిదాంక దాని జోలికి పోకు.' ఇందాక 'సార్ సార్' అన్న గొంతే. ఇక్కడ ఆజ్ఞలున్నాయి, కోపం ఉంది, పెత్తనం ఉంది, 'నేను' ఉంది. యాస రెండు చోట్లా ఒకటే. మనిషి ఎంత ముడుచుకుని బతుకుతున్నాడో ఈ రెండు గొంతుల మధ్య తేడా చెబుతుంది. వింటూ వింటూ లిఫ్ట్ దగ్గర ఓనరు కనబడగానే 'మల్ల చేస్త' అని ఫోన్ పెట్టేస్తే ఇంకా మంచిది.

మీ కుర్రాడికి చెప్పండి, వాచ్‌మన్ నల్గొండ మాటే మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా. దానికి షరతు ఒకటే, ఓనరుకి కూడా ఒక ఊరు ఉండాలి. గుంటూరో కరీంనగరో ఏదో ఒకటి. ఆయన మాటకి ఊరు లేకుండా చేసి వాచ్‌మన్ మాటకే ఊరు తగిలిస్తే, అక్కడ అసమానత చూపించినట్టు కాదు, రచయితే చేసినట్టు. ఇక నల్గొండ మాట ఎలా ఉంటుందో మీ రచయిత ఆ కుర్రాణ్ణే అడిగి రాసుకుంటే పని సులువు. 'ఎల్లినా' అతనే కొట్టేస్తాడు.

చివరి ప్రశ్న. ఇంగ్లీషు లెక్క ప్రకారం ఒకరైతే వాచ్‌మన్, పదిమందైతే వాచ్‌మెన్. హైదరాబాద్‌లో ఒక్కణ్ణి కూడా చాలామంది 'వాచ్‌మెన్' అనే పిలుస్తారు. రంగసూచనల్లో 'వాచ్‌మన్' అని రాసి, సంభాషణల్లో ఏ పాత్ర ఎలా పలుకుతుందో అలా రాయండి. పాత్రల జాబితాలో మాత్రం ఓనరుకీ భార్యకీ కొడుక్కీ పేర్లున్నాయి, ఈయనకి ఉద్యోగం పేరే ఉంది. అక్కడ ఆయనకొక పేరు రాయండి. నాటికలో ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా ఫరవాలేదు, వేషం వేసే కుర్రాడికి తెలిస్తే చాలు.